లైను ఉన్న ఇల్లు

చెల్లెలు రెండు అరచేతులూ తలమీద ఇంటికప్పులా కలిపి, ఆ చేతుల్ని గబుక్కున కిందికి దించింది. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

టైలరమ్మ కుట్టుమిషను మీద దారపుకండెకి ఆనించి పెట్టుకున్న ఫోను దగ్గరికి వంగింది. చెల్లెలి నోరు సగం తెరుచుకుని ఉంది. కనుబొమలు నుదుటి మీదికి ఎక్కి ఉన్నాయి. చేతులు ఉండవలసిన చోట రెండు మసక మరకలు. ఇల్లు, కిందికి. ఇల్లు కిందికి అంటే ఏమిటి? కూలిందా? అదే మాట తన చేతులతో అడిగింది. చెల్లెలు అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. కాసేపటికి తెర నల్లబడింది.

చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. అక్కాచెల్లెళ్ళకి మాటంటే చేతులే. కొన్ని బడిలో నేర్పిన సైగలు, కొన్ని చిన్నప్పుడు ఇద్దరూ కల్పించుకున్నవి. చెల్లెలు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక ఆ మాటలన్నీ ఫోను తెర మీదికి చేరాయి. వీధి పల్లంలో ఉంది, వెనక మిట్ట అడ్డం. సిగ్నలు మాటకి సరిపోతుంది గానీ మనిషి బొమ్మకి సరిపోదు. వినపడేవాళ్ళకి అది పెద్ద ఇబ్బంది కాదు. చేతులతో మాట్లాడేవాళ్ళకి బొమ్మ ఆగిందంటే నోరు నొక్కేసినట్టే.

"ఇల్లు ఏమైంది? అందరూ బాగున్నారా?" అని టైపు చేసి పంపింది. జవాబు వచ్చేదాకా ఖాళీగా కూర్చోలేక, ముందున్న చొక్కా అందుకుంది. సూదిలో దారం ఎక్కలేదు. ఎక్కాక కుట్టు వంకర పోయింది. కాలరు కుట్టడం పూర్తయి, ఎత్తి చూసుకుంటే అది తిరగబడి ఉంది. అప్పుడు మోగింది ఫోను.

"ఇల్లు కూలడమేంటి? పైనుంచి కిందిదాకా రంగు వేయించాం. నీకు మతి పోయిందా?"

టైలరమ్మ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కత్తెర మొనతో తిరగబడ్డ కాలరు కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంది. రాతలో సంగతి తెలిసింది, బాగానే ఉంది. కానీ ఆ 'మతి పోయిందా' అన్నప్పుడు చెల్లెలు కళ్ళు ఎలా తిప్పుతుందో, వేలు కణత దగ్గర పెట్టుకుని ఎలా తిప్పుతుందో, అది కదా చూడాల్సింది. సంగతి వచ్చింది గానీ మనిషి రాలేదు.

కుట్లు విప్పుతుండగానే మందుల షాపాయన వచ్చాడు. పక్క కొట్టే ఆయనది. ఆమెని అక్కా అంటాడు. ఊళ్ళో ఏ వార్తైనా ముందు ఆయన షాపులో దిగి, తర్వాత మిగతా ఇళ్ళకి పోతుంది.

"అక్కా, గవర్నమెంటు వాళ్ళు ప్రతి ఇంటికీ హైస్పీడు ఇంటర్నెట్టు ఇస్తున్నారట కదా, అందరూ కట్టుకోగలిగిన ధరకి. ఏ వీధికి వస్తుందో పటం వేసి మునిసిపాలిటీ గోడకి అంటించారు. మన వీధి ఆకుపచ్చలో ఉంది."

"మంచిదేగా తమ్ముడూ. ఎప్పుడు వేస్తారు?"

"అదే చెప్పబోతున్నా. ఆకుపచ్చంటే మనకి ఇప్పటికే ఉన్నట్టు. ఎర్రగా ఉన్న వీధులకే వేస్తారు."

టైలరమ్మ కత్తెర పక్కన పెట్టింది. "మనకి ఉన్నట్టా? ఎక్కడుంది?"

ఆయన చూపుడు వేలు వీధి చివరికి తిరిగింది. అక్కడ రెండంతస్తుల లాడ్జి. గుమ్మం మీద మనిషంత వెడల్పు బోర్డు: 'గాలి వెలుతురు గల గదులు. హైస్పీడు ఇంటర్నెట్ కలదు.'

ఆ పటం కోసం సర్వే చేసిన అమ్మాయి ఇంకా వీధిలోనే ఉంది. భుజానికి సంచీ, చేతిలో పలక లాంటి కంప్యూటరు, ఎండకి కందిన మొహం. టైలరమ్మ ఆమెని లోపలికి పిలిచి, గుడ్డముక్కల మూట కిందికి దించి కుర్చీ ఖాళీ చేసింది. మంచినీళ్ళిచ్చి, తర్వాత అడిగింది.

"లాడ్జికి ఉంటే మా అందరికీ ఉన్నట్టు ఎలా అయిందమ్మా?"

"రూలు అలా ఉందక్కా. ఒక వరసలో ఒక్క ఇంటికి మంచి లైను ఉన్నా, ఆ వరసకి అందుబాటులో ఉన్నట్టే లెక్క. కావాలంటే మిగతావాళ్ళు ఆ కంపెనీనే అడిగి వేయించుకోవచ్చని."

"ఆ కంపెనీ ఈ వీధి మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా?" అన్నాడు మందుల షాపాయన. "మేం అడిగితే వచ్చేవాళ్ళే లేరు."

"నాకు అర్థమవుతోందండీ. కానీ నేను రాసుకోవాల్సింది ఒక్కటే. లైను ఉందా, పనిచేస్తోందా. ఆ లాడ్జి పెద్దాయన్ని నేనే అడిగాను. బ్రహ్మాండంగా ఉందన్నారు." ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "శుక్రవారం ఇంకోసారి వస్తాను. ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పొచ్చు. లైను ఉన్న ఇంటివాళ్ళు లేదంటే తప్ప రంగు మారదు. ఆ తర్వాత పటం ఖాయమైపోతుంది."

మందుల షాపాయన లాడ్జి వైపు ఒక చూపు చూశాడు. "ఆయనకుంది కాబట్టి మనకి రాదు. పోనీ ఆ పాస్‌వర్డ్ అయినా ఇచ్చాడా ఎప్పుడైనా? అడిగితే నవ్వి ఊరుకుంటాడు."

*

లాడ్జి హాలుకి కర్టెన్లు కుట్టే పని టైలరమ్మకే వచ్చింది. మర్నాడు పొద్దున్నే టేపు మెడలో వేసుకుని కొలతలకి వెళ్ళింది. పెద్దాయన కౌంటరు వెనక కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తెల్లజుట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు. గదులు నిండినా నిండకపోయినా ఆ వేషంలో తేడా ఉండదు.

"రామ్మా. కిటికీలు రెండు. నేల తాకాలి. పొట్టి కర్టెన్లు నాకు నచ్చవు, ఎవరో పంచె ఎగ్గట్టినట్టుంటుంది."

"అలాగే బాబాయి గారూ. కుచ్చులు ఒత్తుగా పెట్టనా?"

"ఒత్తుగానే. గుడ్డ దగ్గర పీనాసితనం వద్దు."

ఆమె స్టూలెక్కి కడ్డీ దగ్గర టేపు కొస పట్టుకుంది. అప్పుడే మెట్ల మీంచి ఒక ప్రయాణికుడు దిగాడు, చేతిలో ఫోను. "సార్, ఇంటర్నెట్టు పాస్‌వర్డ్ చెప్తారా?"

"అయ్యో, ఇవాళే లైన్లో రిపేరు వచ్చిందండీ," అన్నాడు పెద్దాయన నొచ్చుకుంటూ. "సాయంత్రానికి బాగవుతుందేమో. టీ తాగుతారా?"

ఆ నొచ్చుకోవడం ఎంత పొందికగా ఉందంటే, టైలరమ్మకి అనుమానం వచ్చింది. కిందటిసారి సోఫా గలీబుల కోసం వచ్చినప్పుడు కూడా ఆ మాటే, ఆ టీయే. స్టూలు మీంచి తల తిప్పి చూసింది. కౌంటరు పైన గోడకి ఇంటర్నెట్టు పెట్టె ఉంది. దాని మీద దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నట్టున్నారు. కానీ ఒక్క దీపమూ వెలగడం లేదు. పెట్టె నుంచి బయల్దేరిన నల్లవైరు గోడ వెంబడి వచ్చి, ఆమె మోచేతి పక్కనే కిటికీ చట్రంలోంచి బయటికి వెళ్ళింది. దారం ఎటు పోతే కళ్ళూ అటు పోవడం ఆమెకి అలవాటు. ఆ వైరు వెంబడే చూసింది. బయటికి వెళ్ళిన వైరు జానెడు దూరం పోయి, గోడకి కొట్టిన మేకుకి చుట్టి ఉంది. చివర తెగి ఉంది. తెగిన కొసకి టేపు చుట్టి, ఎవరికీ కనపడకుండా ముడిచి పెట్టారు.

ఆమె తల లోపలికి తిప్పేసరికి పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు. ప్రయాణికుడు బయటికి వెళ్ళిపోయాడు. ఆమె టేపు నేలదాకా వదిలింది. ఆయన కౌంటరు దాటి వచ్చి, వంగి, టేపు కింది కొస పట్టుకున్నాడు.

"చూశావా?" అన్నాడు, నేల వైపు చూస్తూనే.

"చూశాను బాబాయి గారూ."

"గాలివానకి తెగింది. కంపెనీవాళ్ళకి ఫోను చేశాను. ఈ వీధిలో ఉన్నది మీ ఒక్క ఇల్లే, ఒక్క ఇంటి కోసం మనుషుల్ని పంపడం గిట్టదు అన్నారు." ఆయన టేపు కొసని బొటనవేలితో నేలకి అదిమి పెట్టాడు. "బస్టాండు దగ్గర కొత్త లాడ్జి పెట్టారు. అక్కడ మంచం మీద పడుకుని సినిమాలు చూసుకోవచ్చు. బోర్డు తీసేస్తే నా దగ్గరికి ఎవరొస్తారు? ఇవాళ బాగవుతుంది, రేపు బాగవుతుంది అనుకున్నాను మొదట్లో. తర్వాత అదే అలవాటైపోయింది."

"సర్వే అమ్మాయికి కూడా..."

"బోర్డు కిందే నిలబడి అడిగింది. నా బోర్డు కింద నిలబడి లేదని ఎలా చెప్పను?"

టైలరమ్మ స్టూలు దిగింది. "బాబాయి గారూ, మా చెల్లెలు మాట్లాడేది చేతులతోనని మీకు తెలుసు. బొమ్మ ఆగిపోతే మాకు మాటలు లేవు. మీరు లేదంటే మాకు వస్తుంది, ఉందంటే రాదు. ఆ అమ్మాయి శుక్రవారం వస్తుంది. ఒక్కసారి చెప్పాను, ఇంక అడగను. నేను చూసినట్టు ఎవరితోనూ అనను."

పెద్దాయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. చొక్కా జేబులోని పెన్నులు సర్దుకున్నాడు. "కర్టెన్లు ఎప్పటికిస్తావు?" అన్నాడు.

"శుక్రవారం తెచ్చి తగిలిస్తాను."

*

అననని అనడం తేలికే. అనకుండా ఉండడమే కష్టం.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె కర్టెను గుడ్డ నేలంతా పరుచుకుని, మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని అంచులు మడుస్తోంది. మందుల షాపాయన మరో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. కాళ్ళు పెట్టడానికి చోటు లేక అందరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

"అక్కా, అందరం కలిసి లాడ్జికి వెళ్తున్నాం. వీధిలో ఉన్న ఒక్క లైనూ ఆయన ఒక్కడే దాచుకుంటానంటే కుదరదు. పాస్‌వర్డ్ ఇస్తాడా, ఇవ్వడా? అటో ఇటో తేలిపోవాలి. నువ్వు కూడా రా. నీ చెల్లెలి సంగతి చెప్తే గట్టిగా ఉంటుంది."

టైలరమ్మ నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి దిండులో గుచ్చింది. కావాలనే నెమ్మదిగా గుచ్చింది. ఒక్క మాటంటే చాలు. ఆ మేకు ఏ కిటికీ పక్కనుందో చెప్తే చాలు. వీళ్ళు అటు నుంచి అటే వెళ్ళి, ఫోటో తీసి, ఆయన చేత లేదనిపించి, సర్వే అమ్మాయికి కబురు పంపుతారు. సాయంత్రానికి వీధి ఎర్రబడుతుంది. ఆ పెద్దాయన రేపట్నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరి ముందు కూర్చుంటాడు?

"నేను రాను తమ్ముడూ," అంది. "మీరూ వెళ్ళకండి. ఆయన లైను ఆయనిష్టం."

"అదేంటక్కా? అందరికంటే అవసరం నీకేగా."

"అవసరం నాకే. అయినా వెళ్ళకండి. శుక్రవారం దాకా ఆగండి."

"శుక్రవారం ఏమవుతుంది?"

"కర్టెన్లు తగిలిస్తాను."

ఎవరో నవ్వారు. మందుల షాపాయన నవ్వలేదు. "ఆయన పని ఇచ్చాడు కదా, ఇంక ఆయన పక్షమే," అని గుమ్మం దిగాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే దిగారు. ఆమె మాట వల్లో, ఎండ వల్లో, లాడ్జి దాకా ఎవరూ వెళ్ళలేదు. కానీ ఆ సాయంత్రం ఆయన తన షాపు మూసి, ఆమె గుమ్మం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. రోజూ 'వెళ్ళొస్తానక్కా' అనేవాడు.

చెల్లెలు ఫోను చేసింది. బొమ్మ రెండుసార్లు కదిలి బిగుసుకుపోయింది. కాసేపటికి రాత వచ్చింది: "ఎవరితో పడలేదు నీకు? ఆగిపోయిన బొమ్మలో కూడా నీ మూతి కనిపిస్తోంది." టైలరమ్మ ఏమీ లేదని రాసింది. చెల్లెలు నమ్మలేదని రాసింది. ఆమె ఫోను బోర్లించి, మళ్ళీ మిషను తొక్కింది. కుచ్చుకీ కుచ్చుకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. గుడ్డ దగ్గర పీనాసితనం చెయ్యలేదు.

*

శుక్రవారం సర్వే అమ్మాయి వచ్చేసరికి టైలరమ్మ లాడ్జి హాల్లో నిచ్చెన మీద ఉంది. ఒక కర్టెను తగిలించడం అయింది, రెండోది భుజం మీద వేలాడుతోంది. కొక్కేలు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే కుచ్చు వెనక దూర్చి, కడ్డీ మీది రింగుకి తగిలిస్తోంది.

"నమస్కారం అండీ," అంది సర్వే అమ్మాయి, కౌంటరు దగ్గర నిలబడి. "ఇది చివరిసారి. కిందటిసారి చెప్పిందే అయితే ఒక్క నిమిషం పని. మీ లైను ఎలా ఉంది?"

"బ్రహ్మాం..." అన్నాడు పెద్దాయన. అది అలవాటుగా వచ్చిన మాట. మధ్యలో ఆగింది.

టైలరమ్మ వాళ్ళ వైపు తిరగలేదు. తిరగకూడదనుకుంది. తిరిగితే అడిగినట్టే. ఇంకో కొక్కెం తీసింది, కుచ్చు వెనక వెతికింది, దూర్చింది. రింగు కడ్డీ మీద చిన్నగా మోగింది.

"కూర్చో అమ్మా," అన్నాడు పెద్దాయన చివరికి. "కిందటిసారి నువ్వు అడిగింది బోర్డు కింద నిలబడి. నేను చెప్పింది బోర్డు మాట. ఇప్పుడు నా మాట రాసుకుంటావా?"

"అంటే?"

"లైను లేదు. చాలాకాలంగా లేదు. వైరు అక్కడ మేకుకి చుట్టి ఉంది, చూసుకో. ఆ పెట్టెని నేను రోజూ తుడుస్తాను, అంతే దానికి జరిగే సేవ."

సర్వే అమ్మాయి కిటికీ దాకా వెళ్ళి, కొత్త కర్టెను పక్కకి జరిపి, బయటికి తొంగిచూసింది. వైరుకి ఫోటో తీసుకుంది. తిరిగొచ్చి పలక మీద ఏదో నొక్కింది. ఆమె మొహంలో కోపం లేదు, నవ్వు ఆపుకుంటున్నట్టుంది. "మరి బోర్డు సంగతి ఏం రాయనండీ?"

"బోర్డు కూడా రాస్తారా సర్వేలో?" అన్నాడు ఆయన కంగారుగా.

"రాయం లెండి. లైను గురించే అడుగుతాం." పలక ఆయన వైపు తిప్పింది. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. పెన్నుతో కాదండీ, వేలితో అంది ఆ అమ్మాయి. ఆయన వేలితోనే, చాలా శ్రద్ధగా, కిందో గీతతో సహా సంతకం పెట్టాడు. "ఇంక ఈ వీధి ఎరుపు," అంది ఆ అమ్మాయి. "ఇలాంటివి ఊళ్ళో ఇంకెన్ని ఉన్నాయో. మిగతా బోర్డుల కింద కూడా ఇంకోసారి అడగాలి."

ఆమె వెళ్ళాక పెద్దాయన నిచ్చెన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు మళ్ళీ అడుగుతావేమో అనుకున్నాను. నిన్న కూడా చూశాను, వాళ్ళందరూ నీ గుమ్మంలో నిలబడటం. ఇంక అయిపోయింది నా పని అనుకున్నాను. వాళ్ళు ఇటు రాలేదు." నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. "నువ్వు మళ్ళీ అడిగి ఉంటే లైను ఉందనేవాణ్ణేమో. నా మొండితనం నాకు తెలుసు."

టైలరమ్మ నోట్లో ఇంకా మూడు కొక్కేలున్నాయి. తలూపింది. అవి తగిలించాక గానీ మాట్లాడలేదు. "కర్టెన్లు బాగున్నాయా బాబాయి గారూ?"

"నేల తాకుతున్నాయి," అన్నాడాయన తృప్తిగా. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "ఈ గుడ్డ ఏమన్నా మిగిలిందా?"

మిగిలింది. మనిషంత వెడల్పుకి సరిపోయేంత మిగిలింది. ఆమె అక్కడే కూర్చుని, చేతికుట్టుతో అంచు మడిచి, నాలుగు మూలలా నాడాలు పెట్టింది. ఇద్దరూ కలిసి నిచ్చెన బయటికి మోసుకెళ్ళి బోర్డు మీద కప్పారు. కుచ్చులతో సహా అది చాలా అందంగా కుదిరింది.

వీధంతా చూసింది. మందుల షాపాయన షాపు వదిలిపెట్టి మరీ వచ్చాడు. తల పైకెత్తి కాసేపు చూశాడు. "ఏంటండీ ఇది, ప్రారంభోత్సవమా?"

"అవును," అన్నాడు పెద్దాయన. "లైను వచ్చాక తీస్తాను. ఇన్నాళ్ళూ నాకూ లేదు. ఉందని అబద్ధం చెప్పాను. పాస్‌వర్డ్ ఇవ్వకపోవడానికి అదే కారణం, ఇవ్వడానికి అక్కడేమీ లేదు. మీ అక్కకి ఇది ముందే తెలుసు. తెలిసి కూడా నా పరువు కాపాడింది."

మందుల షాపాయన టైలరమ్మ చేతిలోంచి నిచ్చెన అందుకున్నాడు. "ఇటివ్వక్కా, బరువుంది," అని దాన్ని భుజాన వేసుకుని లోపలికి మోసుకెళ్ళాడు.

*

వైరు రావడానికి ఒక వానాకాలం పట్టింది. ఆఫీసు పని ఆఫీసు పనిలాగే నడిచింది. వచ్చినరోజు మాత్రం గంటలో అయిపోయింది. ఒకతను వచ్చి గోడకి చిల్లి పెట్టాడు, పెట్టె బిగించాడు, దీపాలు వెలిగాయి, వెళ్ళిపోయాడు.

టైలరమ్మ ఫోను మిషను మీద పెట్టి చెల్లెలికి కలిపింది. చెల్లెలు తెర మీదికి వచ్చింది. ఒక్కొక్క వేలూ, వేలి చివర గోరూ కూడా కనిపించాయి. క్షేమాలు అడిగారు, అయిపోయాయి. భోజనాలు అడిగారు, అయిపోయాయి. బొమ్మ ఆగలేదు. ఎప్పుడు ఆగిపోతుందోనన్న భయంతో ఇన్నాళ్ళూ ముఖ్యమైన సంగతులు మాత్రమే గబగబా చెప్పుకున్నవాళ్ళు, ఇప్పుడు ఏం చెప్పుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు చెల్లెలు మొదలుపెట్టింది. చిన్నప్పుడు నాన్న సైకిలు కాలువలో పడేసింది నువ్వే, దెబ్బలు తిన్నది నేను, అంది.

నేను కాదు, అంది టైలరమ్మ. నువ్వే తొక్కుతానన్నావు.

నేను వెనక కూర్చున్నాను.

వెనక కూర్చుని నా కళ్ళు మూశావు.

మూయలేదు. జడ పట్టుకున్నాను.

టైలరమ్మ కుర్చీలోంచి లేచింది. కాలువ ఎటుందో, సైకిలు ఎటు తిరిగిందో, జడ ఎలా లాగిందో, అన్నీ చేతులతో ఆ గదినిండా గీసి చూపించింది. చెల్లెలు అడ్డం వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకరిది ఒకరు వినలేదు, అంటే చూడలేదు. చెల్లెలు కోపంతో బల్ల మీద కొట్టింది. టైలరమ్మకి ఆ దెబ్బకి గ్లాసులో నీళ్ళు కదలడం కూడా కనిపించింది. పెళ్ళయి వెళ్ళిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. అది ప్రేమ పెరిగినందువల్ల అనుకుంది తను ఇన్నాళ్ళూ.

మందుల షాపాయన గుమ్మంలోంచి తొంగిచూసి హడలిపోయాడు. "ఏమైందక్కా? అంతా క్షేమమేనా?"

ఆమె అటు తిరగలేదు. చేతులు ఖాళీ లేవు. గడ్డంతో కుర్చీ చూపించి ఆయన్ని కూర్చోమంది. తెర మీద చెల్లెలు రెండో నేరం మొదలుపెడుతోంది. అందులో ఒక్క మాట కూడా పోకూడదు.